దింపని చెట్టు

"ఈ కాయ ఎక్కడిది?"

కనకరత్నం ఆ మాట అడగడం అది మూడోసారి. చేతిలో కొబ్బరి డొక్క పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

మొదటిసారి అడిగినప్పుడు కోడలు దుర్గాభవాని "పెరట్లో గుట్టలోదేనండీ అత్తయ్యగారూ" అని మామూలుగానే చెప్పింది. రెండోసారికి గొంతు తగ్గింది. మూడోసారికి పచ్చడి గరిటె గిన్నెలో పెట్టేసి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"ఏవైందండీ? కాయ కుళ్ళిందాండీ?"

"ఎన్ని కొట్టేవు?"

"ఒక్కటేనండీ, పచ్చడికి."

"నువ్వు తిన్నావా?"

"ఆయ్. ఆకలేసిందండి, ముందే తినేసేను. ఆయన కూడా తిన్నారు. మీకు పెట్టిందీ అదేగదండీ."

కనకరత్నం డొక్కని వెలుతురుకి తిప్పి చూసింది. ముచ్చిక దగ్గర ఎర్రటి జీర ఉంది. మూడెకరాల ఎనభై సెంట్ల తోటలో అలాంటి జీర ఉన్న కాయ కాసే చెట్టు ఒక్కటే. అది కాపుకొచ్చిన దగ్గర్నుంచీ ఆమె ఆ కాయల్ని కింద నుంచి తలెత్తి చూడడమే గాని చేత్తో పట్టుకున్నది లేదు.

డొక్క పట్టుకునే పెరట్లోకి వెళ్ళి నోరు పుక్కిలించింది. తిన్నది ఒకటిన్నర ఇడ్లీ. అయినా ఆరుసార్లు పుక్కిలించింది.

దుర్గాభవానికి ఆరో నెల. అత్తగారు అలా చేస్తుంటే చూస్తూ గుమ్మంలో నిలబడింది.

"సతీష్," అని పిలిచింది కనకరత్నం. గట్టిగా పిలవలేదు. ఆ ఇంట్లో ఆవిడ గట్టిగా పిలిస్తే ఎవరూ ఖాతరు చెయ్యరు, మెల్లిగా పిలిచినప్పుడే పరిగెత్తుకొస్తారు.

నాగసతీష్ చెవి దగ్గర ఫోనుతోనే వచ్చాడు. "ఆయ్, ఉంటానండి" అని అవతలివాళ్ళకి చెప్పి పెట్టేశాడు.

"నాగేంద్రకి ఏం చెప్పేవురా నిన్న?"

"ఏం చెప్పేను? తోటంతా కాయ దింపెయ్యమన్నాను. ఇవాళ ఆఫీసరు మేడమ్ వస్తున్నారుగా, నెత్తిన కాయ పడితే బాగోదని."

"తోటంతా అన్నావా?"

"ఆ. ఇంకా రెండు వరసలు మిగిలిపోయేయంట, ఇవాళ..." అక్కడ ఆగిపోయాడు. తల్లి చేతిలో డొక్క అప్పుడు చూశాడు.

ఆ ఇంట్లో దింపు పురమాయించడానికి ఒక పద్ధతి ఉంది. నలభై అయిదు రోజులకోసారి దింపు మనిషి వచ్చి గుమ్మంలో నిలబడితే, చెప్పేది ఎవరైనా సరే, "ఆ ఒక్కటీ వదిలి" అని మొదలుపెట్టి ఆ తర్వాతే మిగతా మాట చెబుతారు. ఏ ఒక్కటో ఎవరూ వివరించరు. ఆ చెట్టు కాయ దానంతటదే రాలాలి. రాలిన చోటే ఉండాలి. మొలకెత్తితే ఎత్తనివ్వాలి. ఇంటాయన బుల్లిరాజు బతికున్న రోజుల్లో మస్కట్ నుంచి ఫోన్ చేసినా, అందరూ బాగున్నారా అన్న వెంటనే "దింపు చెప్పేరా? ఆ ఒక్కటీ వదిలి చెప్పేరా?" అనే అడిగేవాడు. పాత దింపు మనిషి రాజబాబుకి మోకాళ్ళు పట్టేసి చెట్లెక్కడం మానేశాడు. నాగేంద్ర కాట్రేనికోన నుంచి కొత్తగా వచ్చినవాడు. అతనికి చెప్పవలసిన సతీష్ ఏడేళ్ళు దోహాలో ఉండి వచ్చాడు. మూడు మాటలు మరిచిపోవడం అంత నేరమా అని మీరు అడిగితే, నేరమే అంటాను నేను. కొన్ని ఇళ్ళు మూడు మాటల మీదే నిలబడి ఉంటాయి.

"మర్చిపోయేనమ్మా," అన్నాడు సతీష్.

కనకరత్నం డొక్కని గుమ్మం పక్కన గోడకి ఆనించి పెట్టింది.

"జీర ఉన్న కాయలు ఏరి వేరుగా పెట్టమ్మా," అంది కోడలితో. "ఇంకొకటి ఇంట్లోకి రాకూడదు."

"అలాగేనండి. మరి పచ్చడండీ?"

పారబొయ్యాలి, సరే. ఎక్కడ పారబొయ్యాలి? కుప్ప మీదా? కాలవలోనా? గిన్నె మీద మూత పెట్టి గట్టు మీదే ఉంచేశారు. ఆ పూటంతా వంటింట్లోకి వెళ్ళినవాళ్ళు దాన్ని తాకకుండా పక్కకి ఒదిగి నడిచారు.

* * *

తొమ్మిదిన్నరకి నరసింహమూర్తి వచ్చాడు. బుల్లిరాజుకి అన్నగారు. అరవై అయిదేళ్ళ మనిషి, రెండిళ్ళ అవతలే ఉంటాడు. వస్తూనే గోడకి ఆనించిన డొక్క చూశాడు. చూసి, చూడనట్టే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"కాఫీ తెమ్మంటారాండీ బావగారూ?" అంది కనకరత్నం లోపలి గుమ్మంలోంచి.

"వద్దమ్మా. తాగొచ్చేను."

తాగి రాలేదు. ఆ ఇంట్లో అందరికీ తెలుసు ఆయన రెండో కాఫీ అక్కడే తాగుతాడని.

సతీష్ చాప మీద కాయితాలు పరిచాడు. పైన ఊరి పటం. అందులో వీళ్ళ తోట ఆకుపచ్చ రంగులో ఉంది. ఆకుపచ్చ అంటే సాగు తప్ప మరోటి చెయ్యకూడదు. దాన్ని విద్యాసంస్థల రంగులోకి మారిస్తేనే అక్కడ రెసిడెన్షియల్ కాలేజీ లేస్తుంది, పన్నెండొందలమంది పిల్లలకి రెండు హాస్టళ్ళు లేస్తాయి. మారకపోతే తోట తోటలాగే ఉంటుంది. ఈ మారడం, మారకపోవడం అన్నదాని మీద ఊరు నాలుగు నెలలుగా రెండు ముక్కలై, ఒక ముక్క టీ తాగే కొట్టుకి ఇంకో ముక్క వెళ్ళడం మానేసింది.

పటం కింద పెదబాబు రాసిన అభ్యంతరం నకలు ఉంది. పెదబాబుది పక్క చేను. హాస్టళ్ళ మురుగు పంటకాలవలోకి వస్తే తన వరి ఏమైపోవాలని రెండు పేజీలు రాశాడు. అది న్యాయమే. ఆఖర్న మాత్రం ఒక వాక్యం తగిలించాడు. "సదరు తోటలో ఒక శిశువు సమాధి కలదు. సమాధి ఉన్న స్థలంలో హాస్టళ్ళకు అనుమతి ఇవ్వరాదు."

కిందటి వారం ఆ కాయితం వచ్చినప్పుడు సతీష్ పెదబాబుని నోటికొచ్చినట్టు తిట్టాడు. కనకరత్నం తిట్టలేదు. ఆ నకలుకి మళ్ళీ నకలు తీయించి పాస్‌బుక్కులో పెట్టుకుంది. జీరకాయల చెట్టు కింద పెట్టిన తన కూతురు పుట్టినట్టు కాయితం లేదు, పోయినట్టు కాయితం లేదు. ఇరవై తొమ్మిదేళ్ళకి ఆ పిల్ల ఉందని రాసినవాడు పెదబాబొక్కడే.

"ఇదమ్మా," అని సతీష్ ఇంకో కాయితం తల్లి ముందు పెట్టాడు. "సాయిదుర్గాప్రసాద్‌గారు పంపించేరు. కాలేజీ తరఫున ఈ పనులన్నీ ఆయనే చూస్తున్నారు. పాస్‌బుక్కులో మనిద్దరి పేర్లున్నాయి గాబట్టి ఇద్దరం పెట్టాలి. నేను పెట్టేసేను."

"చదువు."

"నీకు తెలిసిందేగా."

"చదవరా."

సతీష్ గొంతు సవరించుకున్నాడు. "మా భూమిలో సమాధులు గానీ, పూడ్చిపెట్టిన ఆనవాళ్ళు గానీ లేవని ఇందుమూలంగా..."

"నువ్వు పెట్టేసేవా?"

"పెట్టేనమ్మా."

"లేదనే?"

తోట వైపు నుంచి గెల నేలకి తగిలిన చప్పుడు వచ్చింది. నాగేంద్ర మిగిలిన వరసలు మొదలుపెట్టాడు. కాసేపటికి ఇంకోటి.

"అది రాత కోసమేనమ్మా," అన్నాడు సతీష్. "చెట్టు కొట్టరు. నేను మాట తీసుకున్నాను. చుట్టూ కంచె వేసి, పూలమొక్కలు వేసి..."

"ఏవని వేస్తారు పూలమొక్కలు? ఏమీ లేని చోట?"

"అబ్బ, అమ్మా..."

"అడుగుతున్నాను. పన్నెండొందలమంది పిల్లలు దాని చుట్టూ తిరుగుతారు. ఇదేంటి మాస్టారూ అంటారు. ఏమీ లేదురా, చెట్టు అంటారు. అంతేనా?"

"ఇప్పుడు మాత్రం ఎవరికి తెలుసు? మనకేగా."

"మనకి తెలుసుగా."

దుర్గాభవాని లోపల్నుంచి వచ్చి గోడ వారగా కూర్చుంది. ఆ అమ్మాయి ఎవరి పక్షమూ మాట్లాడదు. కానీ ఆమె కూర్చున్న చోటు సతీష్ పక్కన.

"ఇరవై ఎనిమిదో తారీకు టిక్కెట్టు," అన్నాడు సతీష్. "దోహా వాళ్ళు నెలాఖరులోపు రాకపోతే వీసా ఉండదంటున్నారు. కాలేజీ వస్తే హాస్టళ్ళు చూసుకునే పని నాదే, రాసిచ్చేరు. రాకపోతే ఎక్కాలి. ఎక్కితే రెండేళ్ళు."

"తెలుసురా."

"నీకు తెలీదమ్మా. నాన్న మస్కట్‌లో ఉండగా అక్క పుట్టింది. మస్కట్‌లో ఉండగానే పోయింది. ఆయన మొహం కూడా చూళ్ళేదు. ఫోటో కూడా లేదు. నాకు గుర్తుంది, ఆయన తాగినప్పుడు నన్ను పట్టుకుని అడిగేవారు, దానికి నా ముక్కొచ్చిందా మీ అమ్మ ముక్కొచ్చిందా అని. నన్నడిగేవారు. తను పోయేప్పటికి నేను పుట్టనే లేదు. నేనూ అలాగే అడుక్కోవాలా?"

సతీష్ 'అక్క' అనడం అదే మొదటిసారి. అది అతనికి తెలియలేదు గాని కనకరత్నానికి తెలిసింది. ఆమె కళ్ళు కాయితం మీదకి దిగాయి. కొడుకు సంతకం చూసింది. వేలితో దాని పక్కన ఖాళీ చోటు తడిమింది.

"లేదని రాయలేనురా," అంది. "నువ్వుండాలనే ఉంది నాకు. దాని మీద ఒట్టు. కానీ లేదని నా చేత్తో రాయలేను."

సతీష్ లేచి వాకిట్లోకి వెళ్ళిపోయాడు. దుర్గాభవాని ఏడుస్తోంది, చప్పుడు లేకుండా. "మీరైనా చెప్పండి పెదమావయ్యగారూ," అంది.

నరసింహమూర్తి గోడకి ఆనించిన డొక్క వైపే చూస్తున్నాడు. ఈ సంగతి మీద ఆయన నోరు విప్పగా ఎవరూ ఎరగరు. తోటలోకి వెళ్ళినా ఆ చెట్టున్న మూలకి వెళ్ళడు. ఆ పిల్లని తన చేతుల్తో పాతిపెట్టిన మనిషి, ఆ బాధ అలాంటిది అని అందరూ సరిపెట్టుకున్నారు.

"పదండి," అన్నాడు. "ఆఫీసరమ్మ వచ్చే వేళైంది."

* * *

ప్లానింగ్ అధికారి విజయదుర్గ అమలాపురం నుంచి జీపులో వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. బూట్లు వేసుకుని, పటం చంకలో పెట్టుకుని, గట్లు దాటడం అలవాటున్న మనిషిలా నడిచింది. వెనక పెదబాబు, తలకి తువ్వాలు చుట్టుకుని.

తోటలో నాగేంద్ర ఆఖరి వరసల్లో ఉన్నాడు. పొద్దున్న సతీష్ వెళ్ళి చీవాట్లు పెట్టిన దగ్గర్నుంచీ అతనికి భయం పట్టుకుంది. ప్రతి చెట్టు మొదట్లోనూ ఆగి ఇటు తిరిగి అరుస్తున్నాడు.

"బాబుగారూ, దీన్ని దింపమంటారాండీ?"

"ఎక్కవయ్యా."

మళ్ళీ అయిదు నిమిషాలకి, "దీన్నండీ?"

"ఎక్కు."

జీరకాయల చెట్టు ఉత్తరం మూల ఉంది. దాని మొదలు చుట్టూ ఏళ్ళ తరబడి రాలిన కాయలు, కొన్ని ఎండిపోయి, కొన్ని మొలకలెత్తి, మోకాలెత్తు మొక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. రోజూ కనకరత్నం వెళ్ళి వచ్చే సన్నటి దారి మాత్రం శుభ్రంగా ఉంది. ఆమె తలెత్తి చూసింది. చెట్టు నెత్తిన ఒక్క గెల లేదు. మట్టల మధ్య కోసిన తొడిమలు తెల్లగా కనిపిస్తున్నాయి. ఇన్నేళ్ళలో ఆ చెట్టుని అలా ఎప్పుడూ చూడలేదు. నాగేంద్రది నీటుగా కోసే చెయ్యి.

"ఈ అభ్యంతరంలో శిశువు సమాధి అని రాసేరు," అంది విజయదుర్గ. "నిజమేనాండి?"

సతీష్ తల్లి వైపు చూశాడు.

"నిజమేనమ్మా," అంది కనకరత్నం.

సతీష్ భుజాలు దిగిపోయాయి. పెదబాబు మాత్రం ఏదో గెలిచినవాడిలా లేడు. తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. "మిమ్మల్ని బాధపెట్టాలని కాదండి కనకరత్నంగారూ," అన్నాడు. "నా చేను పోద్దండి. ఇంకేం రాస్తే ఆపుతారో తెలీక రాసేను."

"మీరు రాసింది మంచిదేనండి," అంది కనకరత్నం. పెదబాబుకి ఆ మాట అర్థం కాలేదు.

"పేరు?" విజయదుర్గ పెన్ను తీసింది.

"పెట్టలేదమ్మా. ఇరవయ్యొకటో రోజున బారసాల అనుకున్నాం. పంతొమ్మిదో రోజునే పోయింది."

విజయదుర్గ 'ఆడపిల్ల' అని రాసుకుంది.

"కాయితాలేమైనా ఉన్నాయా?"

"ఈయన రాసిందే ఉందమ్మా."

విజయదుర్గ నకలు చూసింది, పెదబాబుని చూసింది, కనకరత్నాన్ని చూసింది. పటం విప్పి మోకాలి మీద పెట్టుకుంది.

"చూడండమ్మా. శ్మశానం వేరు, సొంత తోటలో ఒక్క సమాధి వేరు. ఆ చోటు ఈ పటంలో గుర్తు పెట్టి, పక్కన మీరు సంతకం చెయ్యండి. చుట్టూ పాతిక గజాలు వదిలించి మిగతాదానికి నేను రాస్తాను. ఆ పాతిక గజాల జోలికి ఎవరూ రాకూడదు. భూమి చేతులు మారినా సరే. రికార్డులో ఉండిపోద్ది."

"రికార్డులో ఉంటుందా అమ్మా?"

"ఎప్పటికీ ఉంటుంది."

"ఏవని ఉంటుంది?"

"శిశువు సమాధి అని."

కనకరత్నం కొడుకు వైపు తిరిగింది. సతీష్ నమ్మలేనట్టు చూస్తున్నాడు. దుర్గాభవాని అతని మోచెయ్యి పట్టుకుంది. ఇరవై ఎనిమిదో తారీకు, విమానం, రెండేళ్ళు, అన్నీ ఆ ఒక్క చుక్కతో పోతాయి. తోట వదులుకుంటుంది, కొడుకు దక్కుతాడు, పిల్లకి చోటు దక్కుతుంది. కనకరత్నం నవ్వింది. చాలా చిన్న నవ్వే గాని, నవ్వే.

"ఉందని చెప్పి ఎక్కడో చూపించకపోతే మాత్రం ఫైలు కదలదండి," అంది విజయదుర్గ, పెన్ను ఆమె చేతికిస్తూ. "మీరు పెడుతూ ఉండండి. ఈలోపు కాలవ చూసొస్తాను. రండి పెదబాబుగారూ, మీ మురుగు సంగతేంటో చూపించండి."

వాళ్ళిద్దరూ గట్టు మీదుగా వెళ్ళారు. కనకరత్నం పటాన్ని చెట్టు మొదటికి ఆనించి పరిచింది. ఉత్తరం ఎటో సతీష్ చూపించాడు. "ఇదిగోనమ్మా, ఈ మూల. ఇక్కడ."

పెన్ను మొన కాయితానికి ఇంకా తగల్లేదు.

"ఆగమ్మా," అన్నాడు నరసింహమూర్తి.

ఆయన వాళ్ళకి పది అడుగుల అవతలే నిలబడిపోయాడు.

"ఏంటండీ బావగారూ?"

"అక్కడ పెట్టకు."

"ఇక్కడేగదండీ చెట్టు."

"చెట్టు అదే. నేను పాతిందే. పిల్ల అక్కడ లేదమ్మా."

అవతల వరసలో గెల ఒకటి పడింది.

"పెదనాన్నగారూ, ఇప్పుడెందుకండీ ఇలాంటి..." సతీష్ ముందుకు రాబోయాడు. కనకరత్నం చెయ్యి అడ్డం పెట్టింది.

"చెప్పండి బావగారూ."

"ఫాల్గుణంలో నేనే తీసుకొచ్చి పెట్టేను. పైన మొక్క పాతేను, చుట్టూ దడి కట్టేను. అంతవరకూ నిజం. దీపావళి ముందు తొంభై ఆరు తుఫానొచ్చింది. నువ్వు కొత్తపేటలో మీ అమ్మగారి దగ్గరున్నావు. నీకు మాటా పలుకూ లేదని ఆవిడే తీసికెళ్ళింది నిన్ను." ఆయన తోట వైపు చెయ్యి ఊపాడు. "నీళ్ళు తీసేసరికి ఇది తోట కాదు. చెట్టు మీద చెట్టు పడి ఉంది. ట్రాక్టర్లు పెట్టి మొద్దులు లాగించేం. గోతులు పూడ్పించేం. ఆ లాగడంలో మొక్క పోయింది, దడి పోయింది, వరసలే పోయేయి. వేరే మట్టి తోలించి కొత్తగా తాళ్ళు పట్టి వరసలు వేసేం. నాలుగు రోజులు ఒక్కణ్ణే పలుగు పట్టుకుని తిరిగేను. ఇక్కడనిపించింది, అక్కడనిపించింది. దొరకలేదు."

"దొరకలేదా?"

"దొరకలేదమ్మా."

"మరి ఇది?"

"మాఘంలో నిన్ను తీసుకొస్తున్నారని కబురొచ్చింది. వస్తూనే అడుగుతావని తెలుసు. ఆ ముందురోజు పొద్దున్నే ఈ మూల ఒక మొక్క పాతి దడి కట్టేను. నువ్వు గుమ్మంలో కాలు పెడుతూనే మొక్క బతికిందా బావగారూ అన్నావు. నెలల తరవాత నువ్వు నోరు తెరిచిన మాట అదేనంట, మీ అమ్మగారు నా చేతులు పట్టుకుని చెప్పేరు. ఇంక నేనేం చెప్పను? బతికిందమ్మా అన్నాను."

కనకరత్నం చెట్టు మొదలు వైపు చూసింది. ఆ మొదటి మీద ఆమె చెయ్యి పెట్టే చోట బెరడు నున్నగా అయిపోయి ఉంది. భర్త పోయినప్పుడు మొదట చెప్పింది దానికి. సతీష్ దోహా వెళ్ళినప్పుడు చెప్పింది. ఆమధ్య కోడలికి నెల తప్పితే, ఇంట్లో ఎవరికన్నా ముందు వచ్చి దానికే చెప్పింది.

"మరి నేను ఇన్నేళ్ళూ ఎవరితో మాట్లాడేనండీ?" అంది.

నరసింహమూర్తి ఆ ప్రశ్నకి భయపడే ఇరవై తొమ్మిదేళ్ళు నోరు మూసుకున్నాడు. ఉన్నచోటే కూలబడి, రెండు చేతులూ నేలకి ఆనించి కూర్చున్నాడు. ఆనించినవాడే, ఏదో గుర్తొచ్చినట్టు, చేతులు నేల మీంచి తీసేసుకున్నాడు.

"పచ్చడి సంగతి కోడలు చెప్పగా విన్నాక ఇంక దాచలేకపోయేను," అన్నాడు. "నువ్వు అన్నిసార్లు నోరు కడుక్కున్నావంటే... ఊరికే కదమ్మా, ఊరికే."

సతీష్ తల్లి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గొంతు బాగా తగ్గించాడు. "అమ్మా. ఎక్కడున్నా ఈ తోటలోనేగా ఉంది. నీకు ఇన్నాళ్ళూ ఇదేగా. ఇక్కడే పెట్టెయ్యి. మనం నలుగురం తప్ప ఎవరికీ తెలీదు."

"తెలీనన్నాళ్ళు ఇదేరా."

"ఇప్పుడు మాత్రం ఏం మారిందమ్మా?"

"పునాదులకి తవ్వుతారుగా," అంది కనకరత్నం. "ఎక్కడ పలుగేస్తే అక్కడికి పరిగెత్తాలి నేను. అది కాదు కదా, అది కాదు కదా అని."

కాలవ గట్టు మీంచి విజయదుర్గ, పెదబాబు తిరిగి వస్తున్నారు. పెదబాబు చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు.

"అత్తయ్యగారూ," అంది దుర్గాభవాని. తోటలోకి వచ్చాక ఆమె నోరు తెరవడం అదే మొదటిసారి. "మరి ఇన్నాళ్ళూ మనం తిన్న కాయలండీ?"

వండిన కూరలు, చేసిన కొబ్బరి లౌజు, గుళ్ళో కొట్టినవి, బుల్లిరాజు సంచిలో మస్కట్ దాకా వెళ్ళినవి. ఏ చెట్టువో ఎవరు చెప్పగలరు? కనకరత్నానికి పొద్దున్న పుక్కిలించిన నీళ్ళ రుచి నోట్లోకి మళ్ళీ వచ్చింది.

"ఏమ్మా, పెట్టేరా?" విజయదుర్గ దగ్గరికొచ్చి పటం మీదకి వంగింది. గుర్తు లేదు. "పెట్టలేదేం? చోటు ఇదేనన్నారుగా."

కనకరత్నం పెన్ను పట్టుకునే ఉంది. కొడుకు మొహం చూసింది. ఆ మొహంలో బతిమాలడం తప్ప ఇంకేమీ లేదు. వీడికి అచ్చం తండ్రి ముక్కు. దానికి ఎవరి ముక్కొచ్చిందో ఆ క్షణాన ఆమెకి ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. పంతొమ్మిది రోజులు చూసిన మొహం.

ఆమె పెన్నుని నరసింహమూర్తి వైపు చాపింది.

"మీరు పెట్టండి బావగారూ," అంది. "ఎక్కడ పెడితే అక్కడే అనుకుంటాను."

నరసింహమూర్తి పెన్ను అందుకోలేదు. ఆమె చెయ్యి అలాగే చాపి ఉంది. విజయదుర్గ ఒకరి తర్వాత ఒకరిని చూసి, ఏదో జరిగిందని గ్రహించి, ఒకడుగు వెనక్కి వేసింది.

ఆఖరి వరసలో నాగేంద్ర ఒక చెట్టు కింద నిలబడి, కత్తి నడుముకి దోపుకుని, ఇటు తిరిగాడు.

"బాబుగారూ, దీన్ని దింపమంటారాండీ?"

పొద్దుటి నుంచి ప్రతి చెట్టుకీ ఎక్కమని చెప్పిన సతీష్ నోరు తెరిచాడు. మాట రాలేదు. ఆ చెట్టు వైపు చూశాడు. దాని పక్క చెట్టు వైపు చూశాడు.

నాగేంద్ర కాసేపు ఆగాడు. వినపడలేదేమో అనుకుని, చెట్టు మీద చెయ్యి వేసి, మళ్ళీ అడిగాడు.